గార్డుకు చెప్పని మాట

స్టేషన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఈ పనిల దేనికి భయపడాలె?" అని అడుగుతారు. పై అధికారుల తనిఖీకి భయపడాలని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చాలా తనిఖీలు చూశాను. ముందురోజు సున్నం వేస్తారు, మర్నాడు టీ తాగి వెళ్తారు. తనిఖీకి భయపడకండి. రెండు నిమిషాలు ఆగే బండికి భయపడండి.

నా ప్రమోషన్లు, బదిలీలు ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు. వరంగల్ చుట్టుపక్కల మూడు స్టేషన్లలో పనిచేశాను, ఏది ఏ స్టేషన్లో జరిగిందో కూడా చెప్పను. రాయబోయే తప్పు నాది. దాన్ని ఒక ఊరికో ఒక ప్లాట్‌ఫారానికో అంటగట్టడం న్యాయం కాదు.

తాళం వేసిన కుర్చీలు

డిప్యూటీ సూపరింటెండెంటు అంటే పేరు పెద్దది. కుళాయిలో నీళ్లు రాకపోయినా, ఫ్యాను తిరగకపోయినా, ఎవరిదో సంచి పోయినా జనం నా గదికే వస్తారు. నడవలేని ప్రయాణికులు ముందుగా సహాయం బుక్ చేసుకుంటే ఆ కబురు కూడా నాకే వస్తుంది. చక్రాల కుర్చీ, తోసే హమాలీ, బోగీ గుమ్మానికి ఆనించే మడత ర్యాంపు, ఈ మూడూ బండి రాకముందే సరైన చోట ఉండాలి. బండి ఆగిన రెండు నిమిషాల్లో మనిషి లోపలికి వెళ్లాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఇంతే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు.

నేను మొదట ఒక సారు కింద పనిచేశాను. స్టేషన్‌కు రెండు కొత్త కుర్చీలు వస్తే ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా స్టోరు గదిలో పెట్టి తాళం తన సొరుగులో వేసుకున్నాడు. తుంటి విరిగిన ఒక ముసలమ్మ ములుగు నుంచి జీపులో వచ్చింది. తాళం అడిగితే ఆయన, "కొత్తయి పాడైతయమ్మా, తనిఖీ ఉన్నది" అన్నాడు. ఆమెను మూటలు మోసే బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఆమె దారి పొడుగునా మూలుగుతూనే ఉంది. నేను నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాత దొరికిన సారు దీనికి పూర్తిగా తలకిందులు. కొత్తగా చేరిన ప్రతివాళ్లనూ కుర్చీలో కూర్చోబెట్టి గేటు నుంచి ప్లాట్‌ఫారం చివరిదాకా తోయించేవాడు. మాట్లాడనిచ్చేవాడు కాదు. నా వంతు వచ్చినప్పుడు మంచినీళ్ల కుళాయి దగ్గర గుంట వచ్చి ముందుకు పడబోయాను. జనం నడుములు, సంచులు తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు. దిగాక ఆయన ఒకటే అన్నాడు: "బుక్ చేసుకున్నోళ్లకు మనం చేసేది దయ కాదు తల్లీ. అది మనమిచ్చిన మాట."

ఆ మాట నాకు బాగా నచ్చింది. చాలా ఏళ్లు నేనూ కొత్తవాళ్లకు అదే చెప్పాను. చెప్పీ చెప్పీ, నాకు ఈ పని పూర్తిగా వచ్చేసిందని నమ్మాను. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

"నన్ను ఎత్తొద్దు మేడం"

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు సంగతి. ఒక సాయంత్రం స్వరూప అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడం, రేపొద్దుగాల ఏడింటి బండికి నాకు సీటు ఉన్నది. సాయం కూడ బుక్ చేసిన. ఒక్క మాట చెప్పుదామని చేస్తాన్న. నన్ను ఎత్తొద్దు. ర్యాంపు పెడితె చాలు, నా కుర్చీల నేనే లోపలికి పోత."

"అట్లనే అమ్మా" అన్నాను.

"అందరు గట్లనే అంటరు మేడం. మల్ల టైం లేదని బస్తా లెక్క ఎత్తుతరు."

నాకు కొంచెం కోపం వచ్చింది. "మా దగ్గర అట్ల కాదు" అన్నాను.

స్వరూప వాళ్లది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. పందొమ్మిదేళ్లప్పుడు, తడి నూలు ఆరేయడానికి మేడ ఎక్కి జారి పడింది. నడుము కింద స్పర్శ లేదు. ముప్పై దాటాక ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయింది. మర్నాడు పదిన్నరకు హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల పరిశీలన. అభ్యర్థి స్వయంగా రావాలి, పిలిచినప్పుడు లేకపోతే తర్వాతి పేరుకు పోతారు అని ఉత్తరంలో రాసి ఉంది. "ఆరేండ్లు చదివిన మేడం దీనికోసం" అన్నది. ఆ ఒక్క మాట దగ్గరే గొంతు కొంచెం మారింది.

ఆమె కుర్చీ గురించి కూడా చెప్పాలి. అది మా స్టేషన్ కుర్చీల వంటిది కాదు. ఒంటి కొలతలు తీసుకుని చేయించింది. తేలిగ్గా ఉంటుంది, తన చేతులతో తనే నడుపుకుంటుంది. సీటు మీద ప్రత్యేకమైన మెత్త ఉంటుంది. స్పర్శ లేని ఒంటికి గట్టి సీటు మీద రెండు గంటలు కూర్చుంటే పుండు పడుతుంది, పడినట్టు తెలియను కూడా తెలియదు. ఒకసారి అలా అయి నాలుగు నెలలు దవాఖానలో బోర్లా పడుకుందట. స్టేషన్ కుర్చీలు ఎటూ గేటు దాటి బయటకు రావు. కాబట్టి స్వరూపకు ఆ కుర్చీ ఉంటేనే హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది, అది లేకపోతే ప్లాట్‌ఫారం దాకానే ప్రయాణం.

బండి వచ్చింది

పొద్దున్న ఆరున్నరకే స్వరూప వచ్చింది. వాళ్ల అవ్వ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. తోడు వద్దని స్వరూపే అన్నదట. ఇస్త్రీ చేసిన ముదురాకుపచ్చ చీర, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు. హమాలీ ఐలయ్య అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఆయనది ధర్మసాగర్, వయసులో నాకంటే పెద్ద, నేను ఐలన్నా అనేదాన్ని. ర్యాంపు పట్టుకోవడానికి ఇంకో హమాలీని కూడా పెట్టాను. ముగ్గురినీ తీసుకెళ్లి ప్లాట్‌ఫారం వెనక చివర నిలబెట్టాను.

వెనక చివరే ఎందుకంటే ఆ బండికి దివ్యాంగుల బోగీ ఎప్పుడూ చివర ఉంటుంది. గార్డు కూడా ఆ బోగీలోనే ఒక పక్కన ఉంటాడు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మాకు అలవాటైన పేరు గార్డే. ఆయన తలుపులో నిలబడి అంతా కళ్లారా చూస్తాడు. కుర్చీ ఎక్కేదాకా పచ్చజెండా ఊపడు. అందుకని మేమెవరమూ గార్డుకు ప్రత్యేకంగా చెప్పేవాళ్లం కాదు. చెప్పాలని రూలు ఉంది. పక్కనే నిలబడి చూస్తున్న మనిషికి చెప్పేదేముంది అని ఆ అలవాటు పోయింది.

నేను చేసిన మొదటి తప్పు, వెనక స్టేషన్‌కు ఫోన్ చేసి డబ్బాల వరుస అడగకపోవడం. ముందురోజు ఎక్కడో పట్టాల పని జరుగుతుంటే ఆ బండిని వేరే దారిలో తిప్పారు. అలా తిప్పినప్పుడు ఒక జంక్షన్‌లో ఇంజిన్ ఈ చివర నుంచి ఆ చివరకు మారుతుంది. దాంతో వరుస మొత్తం తిరగబడుతుంది. డబ్బాల వరుసను మేం రేకు అంటాం, ఇలా తిరగబడితే రేకు ఉల్టా వచ్చిందంటాం. ఒక్క నిమిషం ఫోన్ చేస్తే తెలిసేది.

బండి వచ్చింది. ఇంజిన్ మా ముందు నుంచి వెళ్లింది. ఇంజిన్ వెనకాలే, మొట్టమొదటి డబ్బాగా, చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న నీలం తలుపు వెళ్లింది. మేము నలుగురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. అది అలా పోతూనే ఉంది.

"మేడం, ఉల్టా వచ్చింది" అన్నాడు ఐలయ్య.

ఇరవై రెండు డబ్బాల అవతల, అర కిలోమీటరు దూరంలో ఆ తలుపు ఆగబోతోంది. దగ్గరలో ఉన్న డబ్బాల్లోకి ఎక్కిద్దామంటే వాటి గుమ్మాల్లో కుర్చీ పట్టదు. "ఉరుకు ఐలన్నా" అన్నాను.

ఐలయ్య కుర్చీ పట్టుకుని పరుగెత్తాడు. నేను ముందు పరుగెత్తుతూ జనాన్ని తప్పించాను. "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అరుస్తూనే ఉన్నాను. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, టీ అమ్మేవాళ్లు. ఒక పెళ్లి బృందం సామాను అడ్డంగా పెట్టి ఫొటో దిగుతోంది. స్వరూప ఒక చేత్తో ఫైలును గుండెకు అదుముకుని, ఇంకో చేత్తో కుర్చీ అంచు పట్టుకుని ఉంది.

ఆమె అప్పుడు రెండుసార్లు అన్నది. మొదటిసారి మేము కదలకముందే అన్నది: "మేడం, గార్డుకు చెప్పుండ్రి." నాలుగైదు డబ్బాలు దాటాక మళ్లీ అన్నది: "మేడం, గార్డు ఎనకాల ఉన్నడు, ఆయనకు చెప్పుండ్రి ముందుగాల."

నేను విన్నాను. వినలేదని అబద్ధం రాయను. "నువ్వు భయపడకు, ఎక్కిస్తం" అన్నాను.

ఆమె భయపడి అనలేదు. సరిగ్గా చేయాల్సిన పని చెప్పింది. రేకు ఉల్టా వచ్చినా గార్డు ఉండేది ఆఖరి డబ్బాలోనే, అది మేము నిలబడ్డ చోటే ఆగింది, మా నుంచి పది అడుగులు. ఆయనకు ఇక్కడ ఏం జరుగుతోందో తెలియదు. నేను పరుగు మొదలుపెట్టకముందే ఆ పది అడుగులు నడిచి, "కుర్చీ మనిషి ఎక్కాలి, నేను చెయ్యి ఊపేదాకా వదలకండి" అంటే ఆయన ఐదు నిమిషాలైనా ఆపేవాడు. నేను పరుగెత్తడాన్నే పని అనుకున్నాను. చెమట పట్టింది కాబట్టి బాధ్యత నెరవేరుస్తున్నట్టే అనిపించింది.

నా చేతిలో కుర్చీ

నీలం తలుపు దగ్గరకు చేరేసరికి మూడు నిమిషాలు దాటింది. సిగ్నల్ ఆలస్యం కావడం వల్ల బండి ఇంకా ఉంది. ర్యాంపు మోసే మనిషి ఎక్కడో పెళ్లివాళ్ల మధ్య ఇరుక్కుపోయాడు.

ఐలయ్య స్వరూప ముందు వంగాడు. "బిడ్డా, ఎత్తుత. ఏమనుకోకు."

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. నిన్న సాయంత్రం నేనన్న మాట ఇద్దరికీ గుర్తుంది. తర్వాత కళ్లు మూసుకుని ఐలయ్య మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఆయన ఎత్తుకుని మెట్లు ఎక్కి, లోపల సీటు మీద కూర్చోబెట్టి, కుర్చీ అందుకోవడానికి తలుపులోకి వచ్చాడు.

నేను కుర్చీ మడవడానికి ప్రయత్నిస్తున్నాను. స్టేషన్ కుర్చీ సీటు మధ్యలో పట్టుకుని పైకి లాగితే మడుచుకుంటుంది. ఇది మడుచుకోవడం లేదు. ఎంత లాగినా రావడం లేదు. మడవకుండా ఎత్తితే గుమ్మానికి చక్రాలు తగులుతున్నాయి.

కిటికీలోంచి స్వరూప అరిచింది. "మడువది మేడం, అది మడువది. చక్రం నడిమిట్ల బొత్తాం వత్తుండ్రి, చక్రం ఊడొస్తది."

బొత్తాం ఎక్కడుందో వెతుకుతుంటే హారన్ మోగింది. బండి కదిలింది. ఐలయ్య నలభై ఏళ్ల అలవాటు కొద్దీ కిందికి దూకేశాడు. హమాలీ ఎవరైనా బండి కదిలితే దిగుతాడు, ఎక్కి కూర్చోడు. ఇద్దరం కుర్చీ ఎత్తి తలుపులోకి తోయబోయాం. చక్రం కమ్మీకి కొట్టుకుని వెనక్కి తోసింది. ఇంకోసారి ప్రయత్నిస్తే కుర్చీతో పాటు ఐలయ్య కూడా పట్టాల కిందికి పోతాడు. నేను కుర్చీని వెనక్కి లాగాను.

బండి మొత్తం మా ముందు నుంచి వెళ్లింది. ఆఖరి డబ్బాలో గార్డు పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. ఆయన ముఖంలో అర్థం కాని చూపు. నేను చెయ్యి ఊపాను, కేక వేశాను, అప్పటికి బండి వేగం అందుకుంది.

ఐలయ్య ప్లాట్‌ఫారం మీద కూలబడి, తల పట్టుకుని, "పిల్ల పోయింది, కుర్చీ మిగిలింది" అన్నాడు.

ఫోన్ మోగింది. స్వరూప.

"మేడం, కుర్చీ ఏడున్నది?"

"నా దగ్గరనే ఉందమ్మా. భద్రంగా ఉంది."

"మీ దగ్గరుంటె నాకేం ఫాయిదా మేడం?"

"మెత్త కూడ దానిమీదనే ఉన్నది" అన్నది మళ్లీ. "నేను పక్కకు ఒరిగి పండుకుంటాన్న. కూసుంటె పుండు పడ్తది." తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

వెనక బండి

అరగంటకు అదే దారిలో ఇంకో ఎక్స్‌ప్రెస్ ఉంది. దాని గార్డుకు కుర్చీ అప్పగించి పంపుదామన్నాను. ఐలయ్య లేచి నిలబడ్డాడు. "పంపుడు కాదు మేడం. పట్టుకపోవాలె. అక్కడ ఎవలు దించుతరు, ఎవలు ఇస్తరు?" ఆయన చెప్పింది నిజం. పొద్దున్నుంచి అందరూ నాకు నిజమే చెబుతున్నారు, నేనే వినలేదు. గది తాళాలు నా కింద పనిచేసే అబ్బాయికి ఇచ్చి, ఐలయ్యా నేనూ కుర్చీ ఎక్కించాం, దానితో నేనొక్కదాన్నే వెళ్లాను. ఈసారి బొత్తాం దొరికింది. నిమిషం కూడా పట్టలేదు.

కాజీపేట దాటకముందే మా స్టేషన్ సూపరింటెండెంటు సారు ఫోన్. "ఎవరినడిగి పోయిండ్రు? ఒక్క ప్యాసింజర్ కోసం డ్యూటీ ఇడిచిపెడ్తరా?"

"ఆమె కుర్చీ నా దగ్గరున్నది సార్" అన్నాను.

"అయితే?"

ఆ "అయితే" విన్న తర్వాత ఇక ఆయనతో మాట్లాడేదేమీ కనిపించలేదు. మెమో వస్తుందని అర్థమైంది. రానీ అనుకున్నాను.

డబ్బా కిక్కిరిసి ఉంది. చక్రాలు మళ్లీ తగిలించి కుర్చీని తలుపు పక్కన పెట్టాను. సీటు దొరకని ఒక పెద్దమనిషి, "ఖాళీగనే ఉన్నది కదమ్మా, జర నడుం వాలుస్త" అంటూ దాంట్లో కూర్చున్నాడు. నాకు కోపం నషాళానికంటింది. "దీని మనిషి ముందు బండిల పండుకొని పోతాంది. లేవండి" అన్నాను. ఆయన లేచి అంతదూరం జరిగాడు. డబ్బాలో ఉన్నవాళ్లందరూ నన్నే చూశారు. ఆ కోపం ఆయన మీద కాదని నాకు తెలుసు.

జనగామ దాటాక, కుర్చీ పట్టుకుని వెనక బండిలో వస్తున్నానని చెప్పడానికి స్వరూపకు ఫోన్ చేశాను. తీయలేదు. మళ్లీ చేస్తే తీసి, అంతా విని, "చార్జింగ్ తక్కువున్నది మేడం. ఊకె చేయకుండ్రి" అన్నది.

ఆమె బండి తొమ్మిదిన్నరకు చేరింది. మా బండి పదికి ఐదు నిమిషాలు తక్కువకు చేరాలి. స్టేషన్ ముందర సిగ్నల్ పడక ఆగిపోయింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పట్టాల పక్కన పిచ్చిచెట్లు తప్ప ఏమీ కదలడం లేదు. దిగి నడుస్తూ కుర్చీ మోసుకెళ్లగలనా అని నిజంగానే ఆలోచించాను.

అప్పుడు హైదరాబాద్ స్టేషన్ నుంచి నా వంటి ఉద్యోగి ఒకాయన, స్వరూప దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. "మేడం, మీ ప్యాసింజర్ దిగుతలేదు. మేం కుర్చీ పట్టుకొచ్చినం, ర్యాంపు పట్టుకొచ్చినం. దిగ అంటాంది. రేకు యార్డుకు పోవాలె."

"ఆమెకు ఒకసారి ఫోనియ్యండి."

స్వరూప గొంతు వినగానే బతిమాలడం మొదలుపెట్టాను. "అమ్మా, జర దిగి ప్లాట్‌ఫారం మీద ఉండు. నేను పది నిమిషాల్ల వస్త."

"నేను దిగ మేడం."

"ఎందుకమ్మా?"

"పోయినేడు ఇంకో స్టేషన్‌ల నా కుర్చీ రానీకి ఆలిశమైతది, దీంట్ల కూసో అని స్టేషన్ కుర్చీల దించిండ్రు. ఇంకెవరికో కావాలని నన్ను బెంచీ మీద కూసోబెట్టి ఆ కుర్చీ తీస్కపోయిండ్రు. మూడు గంటలు మేడం. బాత్రూంకు పోరాలే, నీళ్లు తాగరాలే. పుండు పడ్డది అప్పుడే. ఇక్కడ డబ్బాల ఉంటె, నేనున్న అని అందరికి ఎరుక ఉంటది. నన్ను దించేదాంక రేకు కదలది. దిగినంక నన్నెవరు సూస్తరు?"

నాలుగు నెలల దవాఖాన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. మా వంటివాళ్లమే ఇచ్చాం. ఫోన్ ఆయనకు ఇమ్మన్నాను.

"సార్, ఆమెను దించకండి. రేకు ఆపండి."

"రేకు ఏమన్న మా ఇంటి ఆటోనా మేడం, ఆపుమంటె ఆపనీకి?"

"నా తప్పు వల్ల ఆగిందని నా పేరు రాసుకోండి. నా హోదా కూడ రాసుకోండి. అడిగితే నేనే చెప్పుకుంటా."

"పదీ ఇరవై దాక" అన్నాడు చివరికి. "అటెనుక నా చేతులల్ల లేదు."

సిగ్నల్ పది దాటి ఎనిమిది నిమిషాలకు పడింది. ప్లాట్‌ఫారం మీద దిగేసరికి పదీ పదమూడు. మధ్యలో వంతెన, ఎక్కే ర్యాంపు, దిగే ర్యాంపు. ముప్పై ఏళ్లుగా ఇలాంటి ర్యాంపుల మీదుగా ఎందరినో పంపించాను. ఒక్కదాన్నే, నా చేతులతో, కుర్చీ తోసుకుంటూ ఎక్కడం అదే మొదటిసారి. ఖాళీ కుర్చీకే నాకు ఆయాసం వచ్చింది. దిగేటప్పుడు అది నన్నే లాక్కుపోయింది.

నీలం తలుపు దగ్గర ఆ ఉద్యోగి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ర్యాంపు వేసి ఉంది. స్వరూప అప్పటికే లేచి కూర్చుని ఉంది. చీర నలిగిపోయింది, ఒక చెంప మీద రెక్సిన్ అచ్చు పడింది. కుర్చీని చూసింది తప్ప నన్ను చూడలేదు.

"ఇటు పక్కకు పెట్టుండ్రి. ఇంక జర. బ్రేకు వేయుండ్రి" అన్నది. ఆమె చెప్పినట్టే పెట్టాను. చేతుల మీద ఒంటిని లేపి, తనంతట తను కుర్చీలోకి జరిగింది. కాళ్లు సర్దుకుంది, చీర సర్దుకుంది. ఫైలు ఒళ్లో పెట్టుకుని ర్యాంపు మీదుగా తనే దిగింది. ఎవరూ ఎత్తలేదు.

నేను వెనక పిడి పట్టుకోబోయాను. "నేనూ వస్తనమ్మా. ఆలస్యం ఎందుకైందో అక్కడి సార్లకు నేను చెప్తా."

"రాకుండ్రి మేడం" అన్నది. కోపంగా కాదు. "మీరొస్తె వాళ్లు మీతోటి మాట్లాడ్తరు. నన్ను సూడరు."

నేను పిడి వదిలేశాను. ఆమె జనంలోంచి తన దారి తను చూసుకుంటూ గేటు వైపు వెళ్లింది.

ప్లాట్‌ఫారం మీద

అప్పుడు పదీ పాతిక. ఆఫీసుకు ఆటోలో ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు. నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఉద్యోగంలో ఎన్నో స్టేషన్ బెంచీలు చూశాను కానీ, ఏ పనీ లేకుండా ఒకదాని మీద అంతసేపు కూర్చోవడం అదే. పదకొండయింది. పన్నెండయింది. ఫోన్ చేస్తే చార్జింగ్ అయిపోతుందని భయం. ఆ గదిలో ఆమె పేరు పిలిచి ఉంటారు. లేదంటే తర్వాతి పేరు చదివి ఉంటారు. ఆ ఖాళీని ఎవరో సంతోషంగా నింపి ఉంటారు. వాళ్లకు నా పేరు కూడా తెలియదు.

పిల్లలూ, ఇక్కడ ఒకటి చెప్తాను. తప్పు చేసిన తర్వాత ఎంత కష్టపడ్డాం, ఎంత పరుగెత్తాం అని లెక్క చెప్పుకోకండి. నేను ఆ బెంచీ మీద కూర్చుని మొదట అదే చేశాను. డ్యూటీ వదిలి వచ్చాను కదా, రేకు ఆపించాను కదా అనుకున్నాను. అదంతా ఆమె అడిగిన సాయం కాదు. ఆమె అడిగింది ఒక ర్యాంపు, గార్డుకు ఒక మాట. నా పరుగులన్నీ నేను చేయని ఆ రెండు పనుల ఖరీదు.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"మేడం, స్వరూపను. ఆఫీసుల ఒక అక్క ఫోన్ నుంచి చేస్తాన్న. అయిపోయింది."

"అయిపోయింది అంటే?"

"చూసిండ్రు. అన్ని ఒరిజినల్స్ చూసిండ్రు. సంతకాలు తీస్కున్నరు. ఉత్తరం ఇంటికొస్తదట."

కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆలస్యమైందని ఏమనలేదా?"

"నా పేరు పిలిచి దాటిపోయిండ్రట. తల్పు కాడ ఉన్నాయన లోపలికి పంపలే. నేను తల్పుకు అడ్డంగ కుర్చీ పెట్టి కూసున్న. సారు బయటికొచ్చి ఏందని అడిగిండు. చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"బండి కాడ నా కుర్చీ ఎక్కియ్యలేదని చెప్పిన. ఇంకేం చెప్పాలె మేడం."

"తప్పు నాదమ్మా" అన్నాను. "నువ్వు రెండుసార్లు చెప్పినవ్ గార్డుకు చెప్పమని. నేను విన్న. విని కూడ చెప్పలే."

అవతల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, గదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పర్వాలేదని స్వరూప అనలేదు. అనకపోవడమే మంచిదయింది.

"సాయంత్రం ఆరింటి బండికి వాపస్ వస్తాన్న మేడం" అన్నది. "ముందుగాలనే సాయం బుక్ చేసిన, పోనీకి, రానీకి రెండిటికి. మీరు అప్పటిదాంక ఉంటరా?"

పొద్దున అంత జరిగాక కూడా, సాయంత్రం మళ్లీ మా చేతుల్లోంచే ఆమె ఇంటికి వెళ్లాలి. వేరే దారి ఏదీ లేదు. నన్ను క్షమించాలో వద్దో తేల్చుకునేంత తీరిక కూడా ఆమెకు మేము మిగల్చలేదు.

"ఉంటా" అన్నాను.

ఫోన్ పెట్టేసి బెంచీ మీద నుంచి లేచాను. ఆరింటి బండికి ఇంకా ఐదు గంటలుంది. గార్డుల గది ఎక్కడని ఒక హమాలీని అడిగి, అటు నడిచాను.